పురుగు మందుల సంచీ నుంచి సాఫ్ట్‌వేర్ అమ్మకానికి

సాఫ్ట్‌వేర్ వుద్యోగం అనగానే మన పల్లెల్లో అందరి కళ్ళ ముందూ ఒకే బొమ్మ కదులుతుంది. చల్లటి గది, కంప్యూటరు, దాని ముందు కూర్చుని రాత్రింబవళ్ళు ఏదో టకటకా కొట్టే కుర్రాడు. ఆ కుర్రాడు కొట్టినదాన్ని ఎవరో ఒకరు కొనాలి గదా, కొనేవాడి గుమ్మం దాకా ఎవరో ఒకరు వెళ్ళి చెప్పాలి గదా అన్న ఆలోచన ఎవరికీ రాదు. మిరపకాయ పండించడం ఒక ఎత్తు, దాన్ని గుంటూరు యార్డుకి తోలి అమ్ముకోవడం ఇంకో ఎత్తు అని అనుభవం మీద తెలిసిన మా ఇంట్లో కూడా ఎవరికీ రాలేదు. నిన్న మొన్నటి దాకా నాకే రాలేదు, ఇక ఇతరుల్ని అని ఏం లాభం!

బి.యస్సీ. ఆఖరి సంవత్సరానికి వచ్చేసరికి హాస్టల్లో సాయంత్రం కబుర్లన్నీ ఒకే చోటికి చేరతాయని చదువరులకు తెలియంది కాదు. ఎమ్మెస్సీయా, బి.ఎడ్డా, గ్రూప్సా, లేక హైదరాబాదు బస్సెక్కి సాఫ్ట్‌వేరా? నా గదిలో వుండే మిత్రుడొకడు దొడ్డిదారిన సాఫ్ట్‌వేర్ వుద్యోగం ఇప్పిస్తామన్న ఒక కన్సల్టెన్సీ వాళ్ళ మాట నమ్మి లక్షన్నర రూపాయలు కట్టాడు. వాళ్ళ నాన్న రెండు పాడి గేదెల్ని అమ్మి పంపిన డబ్బది. మూడు నెలలు శిక్షణ అన్నారు. ఆ పైన ఫోను ఎత్తడం మానేశారు. ఆఫీసుకి వెళితే తాళం. ఇది జరిగిన పది రోజులకే, గత వేసవిలో, మా నాన్న ఫోను చేసి "మనం కూడా ఎక్కడన్నా కడదామంట్రా? కోల్డ్ స్టోరేజీలో కాయ వుంది, ధర రాగానే సర్దుతాను" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి మా పెదనాన్నగారి అబ్బాయికి ఫోను చేశాను. కోడు రాయడం ఒక్క ముక్క రాకుండా సాఫ్ట్‌వేర్ రంగంలో బతుకుతున్నవాడు మా వంశంలో ఆ అన్నయ్య ఒక్కడే. ఈ వ్యాసంలో వున్నదాంట్లో సగం అతని దగ్గర విన్నది, కొంత చదివి తెలుసుకున్నది, ఆఖర్న చెప్పబోయేది మాత్రం నా స్వయంకృతం.

అన్నయ్యదీ బి.యస్సీ.యే. పాసైన ఏడాదే ఒక పురుగు మందుల కంపెనీలో ఫీల్డు వుద్యోగంలో చేరి ఎనిమిదేళ్ళు మోటారు సైకిలు మీద మండలాలు తిరిగాడు. వెనక సంచీలో మందు శాంపిళ్ళు, కరపత్రాలు, బాకీల జాబితా. ఆ వ్యాపారంలో రెండు మాటలున్నాయి. ప్లేస్‌మెంట్ అంటే సరుకుని డీలరు కొట్లో దించడం. లిక్విడేషన్ అంటే ఆ సరుకు కొట్లోంచి రైతు చేలోకి పోవడం. సీజను మొదట్లో పైవాళ్ళు మొదటిదాని కోసం పీకల మీద కూర్చుంటారు. "అన్నా, ఇంకో పది పెట్టెలు పెట్టుకో, పోకపోతే నేను చూసుకుంటాగా" అని బతిమాలి దించేస్తే ఆ నెల టార్గెటు గట్టెక్కినట్టే. కాని వాన ముఖం చాటేసినా, పురుగు రాకపోయినా, పక్క కంపెనీ మందు బాగా పనిచేసినా ఆ పెట్టెలు అక్కడే దుమ్ము పట్టి కూర్చుంటాయి. సీజను ఆఖర్న వాటిని వెనక్కి మోసుకు రావాలి. సేల్స్ రిటర్న్ అంటారు. అమ్మినవాడి చెవికి అది చావు కబురు లాంటి మాట. పాఠకులు ఈ రెండు మూడు మాటలూ గుర్తుంచుకోవాలని మనవి. సాఫ్ట్‌వేర్ దగ్గర మళ్ళీ వీటితోనే పని పడుతుంది.

2021లో మిరపకి నల్ల తామర పురుగు వచ్చింది. గుంటూరు, ఖమ్మం, వరంగల్లు వైపుల మిరప వేసిన ఏ వూరి వాళ్ళని అడిగినా ఆ ఏడాది సంగతి చెబుతారు. పురుగు పువ్వులోనే చేరి రసం పీల్చేసింది. పూత రాలిపోయింది, ఆకు ముడుచుకుపోయింది. రైతులు ఎవరు ఏ మందు చెబితే ఆ మందు, రోజు మార్చి రోజు కొట్టారు. లాభం లేక తోటలకి తోటలే దున్నేశారు. మా రెండెకరాలూ అట్లాగే దున్నేశాం. డీలర్లు అరువిచ్చిన డబ్బు నేలలో కలిసింది. కంపెనీలు డీలర్ల మీద, డీలర్లు రైతుల మీద పడ్డారు. "నేను చెప్పిన మందు కొట్టి తోట పోగొట్టుకున్న మనిషి ఇంటికి, బాకీ అడగడానికి డీలరుతో కలిసి నేనే వెళ్ళానురా. ఆయన నాకు మంచినీళ్ళు ఇచ్చాడు. ఆ రోజే ఈ పని చాలనుకున్నాను" అని అన్నయ్య చెప్పాడు.

మానెయ్యాలనుకోవడం వేరు, ఇంకోచోట దొరకడం వేరు. పెళ్ళయింది, ఒక పాప. మూడు సాఫ్ట్‌వేర్ కంపెనీలకి దరఖాస్తు పెట్టాడు. మూడూ ఒకే జవాబు: మీకు సాఫ్ట్‌వేర్ అనుభవం లేదు. తన కాగితంలో రాసుకున్నదల్లా వరసగా ఎన్నేళ్ళు టార్గెట్లు సాధించాడో, ఎన్ని బహుమతులు వచ్చాయో. అవి చదివేవాడికి తెలియని కంపెనీలు, తెలియని మందులు. వాడికేం పడుతుంది! నాలుగోసారి కాగితం మార్చి రాశాడు. ఫలానా మండలాల్లో ఇన్ని ఎరువుల కొట్లున్నాయి, వాళ్ళు ఏ నెలలో అరువిస్తారు, ఏ నెలలో డబ్బు చూస్తారు, లెక్క ఎవరు రాస్తారు, ఎక్కడ తప్పుతారు, ఇవన్నీ నాకు తెలుసు అని రాశాడు. ఈసారి దాన్ని పంపింది కూడా ఎరువులు, పురుగు మందుల కొట్లకే లెక్కల సాఫ్ట్‌వేర్ అమ్మే ఒక చిన్న కంపెనీకి. వాళ్ళు పిలిచారు. సరుకు చేతికిచ్చి, రెండు రోజులాగి వచ్చి మమ్మల్నే డీలర్లనుకుని చూపించు అన్నారు. (ఈ రంగంలో ఇంటర్వ్యూ అంటే చాలాచోట్ల ఇదే తంతు.) అన్నయ్య ఇంట్లో కూర్చుని వల్లె వెయ్యలేదు. తెలిసిన డీలరు కొట్లో కూర్చుని ఒక రోజు బిల్లులన్నీ అందులో ఎక్కించాడు. ఆరుచోట్ల బండి ఆగిపోయింది. ఆ ఆరూ కాగితం మీద రాసుకుని పట్టుకెళ్ళాడు. వుద్యోగం ఇచ్చారు, పాత జీతం కంటే 6 వేలు తక్కువకి. వదిన రెండు రోజులు మాట్లాడలేదట.

ఇక్కడ ఒక్కసారి ఆగి, అసలు సాఫ్ట్‌వేర్ అమ్మకం అనేది ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం. మొదట్లో దానికి విడిగా ధరే లేదు. కంప్యూటరు కొంటే అది పనిచెయ్యడానికి కావలసిన ప్రోగ్రాములు దాంతోపాటే వచ్చేవి, ఎద్దును కొంటే మెడలో పలుపుతాడు వూరికే వచ్చినట్టు. 1969 జూన్‌లో అమెరికాలోని ఐ.బి.ఎం. కంపెనీ ఇకనుంచి యంత్రానికి వేరు, ప్రోగ్రాములకు వేరుగా డబ్బు తీసుకుంటామని ప్రకటించింది. పలుపుతాడు విడి సరుకైంది. ఆ తరవాత చాలాకాలం పద్ధతి ఏమిటంటే, ఒకసారి పెద్ద మొత్తం కట్టి కొనుక్కోవడం, ఏటా మరమ్మతుల కింద కొంత కట్టడం. 1999లో మార్క్ బెనియాఫ్, మరికొందరు కలిసి శాన్‌ఫ్రాన్సిస్కోలో పెట్టిన సేల్స్‌ఫోర్స్ కంపెనీ, ఇంటర్నెట్టు మీదనే వాడుకోండి, వాడుకున్నన్నాళ్ళే చందా కట్టండి అనే పద్ధతిని బాగా వ్యాప్తిలోకి తెచ్చింది. అంటే కొనుగోలు పోయి కౌలు వచ్చింది.

కౌలు అనగానే రైతుబిడ్డలకి అర్థమైపోవాలి. కౌలుదారు ఏటా మళ్ళీ రావాలి. లెక్క వేసి చూడండి. ఏడాదికి 10 వేలు చొప్పున 100 కొట్లు చేరాయనుకుందాం. ఏటా 10 లక్షలు. ఏడాది తిరిగేసరికి 30 కొట్లు మానేశాయనుకోండి. వచ్చే ఏడు కొత్తగా 30 కొట్లు పట్టుకుంటేగాని వున్నచోటే వుండరు. చిల్లుకుండలో నీళ్ళు. కనక ఈ వ్యాపారంలో దించడం కాదు డబ్బు, వాడకం డబ్బు. ప్లేస్‌మెంట్ ఎంత చేసినా లిక్విడేషన్ లేకపోతే సరుకు వెనక్కి వస్తుంది. కంప్యూటరు చదువులు చదివిన కుర్రాళ్ళకి ఇది పాఠం చెప్పి నేర్పాలి. సేల్స్ రిటర్న్ పెట్టెలు భుజాన మోసినవాడికి ముందే తెలుసుండాలి.

తెలుసుండాలి అన్నాను. తెలిసీ అన్నయ్య బోల్తా పడ్డాడు. చేరిన మొదటి నాలుగు నెలల్లో 11 కొట్లలో పెట్టించాడు. ఎట్లా? పాత స్నేహం మీద. "అన్నా, మనవాడే వచ్చాడనుకుని పెట్టుకో, నచ్చకపోతే చూద్దాంగా" అని. డీలర్లు మొహమాటపడి డబ్బు కట్టారు. ఆఫీసులో చప్పట్లు కొట్టారు. ఏడాది తిరిగింది. 11 కొట్లలో 7 మళ్ళీ చందా కట్టలేదు. వాటిలో నాలిగింట్లో మొదటి వారం తరవాత కంప్యూటరు మీద బిల్లే కొట్టలేదు. ఒక డీలరు ఆ కంప్యూటరు మీద విత్తనాల సంచులు పేర్చుకున్నాడు! పాత పని నుంచి తెచ్చుకోవలసింది వ్యాపారం తెలిసినతనం. అన్నయ్య దాంతోపాటు దించే అలవాటు కూడా మోసుకొచ్చాడు.

ఆ దెబ్బతో ఆ 7 కొట్లకీ మళ్ళీ వెళ్ళాడు, అమ్మడానికి కాదు, కూర్చోవడానికి. ఒక్కో కొట్లో పొద్దుటినుంచి గల్లాపెట్టె మూసేదాకా కూర్చున్నాడు. మొదట తెలిసిందేమిటంటే కొన్నది షావుకారు, వాడవలసింది గుమాస్తా. ఆ గుమాస్తాని ఒక్కరోజు కూడా ఎవరూ ఒక్క మాట అడగలేదు. ఇరవయ్యేళ్ళుగా చిట్టా, ఆవర్జా రాస్తున్న మనిషి. ఈ పెట్టె వస్తే నా కూడు పోతుందేమోనని ఆయన భయం. ఇక ఆ సాఫ్ట్‌వేర్ రైతుని గుర్తుపట్టేది సెల్ ఫోను నెంబరుతో. మా వైపు ఒక వూళ్ళో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు వున్నవాళ్ళు అరడజను మంది వుంటారు. తండ్రి పేరు చెబితేగాని తేలదు, ఒక్కోసారి తాత పేరు కూడా కావాలి. ఇంటికంతా ఒకే ఫోను వుంటుంది, అదీ కొడుకు హైదరాబాదు వెళుతూ పట్టుకుపోతాడు. నెంబరు మారితే బాకీ ఎవరిమీద రాసినట్టు?

పన్నుల సంగతి సరేసరి. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చాక ఒకే బిల్లులో విత్తనాలకి పన్ను లేదు, ఎరువులకి 5 శాతం, రసాయన పురుగు మందులకి 18 శాతం. మందుల్లో మళ్ళీ ఒకే మందు 100 మిల్లీలీటర్లు, పావు లీటరు, అర లీటరు, లీటరు. ఒక్కోదానికి బ్యాచి నెంబరు, గడువు తేదీ. ఎరువులకైతే ప్రభుత్వ యంత్రం ఒకటి వేరే వుంది. 2018 నాటికి దేశమంతటా వచ్చిన పద్ధతి ప్రకారం, రైతుకి అమ్మినట్టు ఆ యంత్రంలో నమోదైతేనే కంపెనీకి సబ్సిడీ ముడుతుంది. రైతు వేలిముద్ర వేస్తాడు, గుమాస్తా అందులో కొడతాడు, మళ్ళీ తన పుస్తకంలో రాసుకుంటాడు. ఇప్పుడు మూడోసారి మన సాఫ్ట్‌వేర్‌లో కొట్టమంటే కొడతాడా? జూన్ నెలలో వాన పడిన మర్నాడు ఆ కొట్టు ముందు నిలబడి చూస్తే తెలుస్తుంది, కొట్టడు.

ఇవన్నీ అన్నయ్య ఆఫీసులో చెప్పాడు. తండ్రి పేరూ వూరి పేరూ కలిపి రైతుని వెతికే ఏర్పాటు చేశారు. అరువు పద్దుకి తేదీనుంచి వడ్డీ కట్టే ఏర్పాటు చేశారు. సీజను హడావిడిలో రెండు మీటలతో బిల్లు తేలిపోయేట్టు చేశారు. మూడు పద్దుల గొడవ పూర్తిగా తీరలేదు. తీరలేదని అన్నయ్య ఇప్పుడు ముందే చెప్పేస్తాడు. మానేసిన 7 కొట్లలో 4 తిరిగి వచ్చాయి.

ఇది చదివి, ఇదంతా పల్లెటూరి వ్యవహారం, పెద్ద కంపెనీల తీరు వేరుగా వుంటుందని ఎవరైనా అనుకోవచ్చు. అయితే ఐ.బి.ఎం.ని అంతటి కంపెనీగా తీర్చిదిద్దిన థామస్ వాట్సన్ కథ చూడండి. 1874లో న్యూయార్కు రాష్ట్రంలో కాంప్‌బెల్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రికి వ్యవసాయం, కొద్దిగా కలప వ్యాపారం. కుర్రతనంలో గుర్రబ్బండి మీద పియానోలు, కుట్టు మిషన్లు వేసుకుని రైతుల ఇళ్ళకి తిరిగి అమ్మాడు, వారానికి 10 డాలర్ల జీతానికి. జీతం బదులు అమ్మకం మీద కమీషను తీసుకుని వుంటే దానికి ఎన్నో రెట్లు వచ్చి వుండేదని తరవాత తెలుసుకున్నాడు. బఫెలో నగరంలో ఒకసారి అమ్మకం అయిన సంబరంలో తాగి బయటికి వచ్చేసరికి గుర్రం, బండి, సరుకు అన్నీ దొంగలపాలు. వుద్యోగం పోయింది. మాంసం కొట్టు పెట్టాడు, అదీ మూతపడింది. ఆ కొట్లో వాయిదాల మీద కొన్న నగదు లెక్కల యంత్రం ఒకటుంది. దాన్ని కొత్త యజమాని పేరుకి మార్పించడానికని నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీ ఆఫీసుకి వెళ్ళినవాడు, అక్కడే వుద్యోగం ఇవ్వమని పట్టుబట్టాడు. పలుమార్లు కాదన్నారు. చివరికి 1896లో తీసుకున్నారు. మొదట్లో అమ్మకాలు సున్న. అక్కడి మేనేజరు జాన్ రేంజ్ చీవాట్లు పెట్టి, తరవాత తానే వెంట తీసుకెళ్ళి ఎట్లా అమ్మాలో చూపించాడు. చిన్న కొట్టు నడిపి దివాలా తీసినవాడికి గల్లాపెట్టె దగ్గర డబ్బు ఎట్లా జారిపోతుందో ఒకరు చెప్పాలా! 1914లో వాట్సన్ చేరిన మరో కంపెనీకే 1924లో ఐ.బి.ఎం. అని పేరు మారింది.

వాట్సన్ కథలో ఇంకో ముక్క దాచడం న్యాయం కాదు. మొదటి కంపెనీలో వుండగా పోటీదార్లను దెబ్బతీసే పనుల్లో పాలుపంచుకున్నాడని యజమాని ప్యాటర్సన్‌తోపాటు అతని మీద కేసు పెట్టారు. 1913లో శిక్ష పడింది, 1915లో పై కోర్టు దాన్ని కొట్టేసింది. అమ్మకం బాగా వచ్చినవాడికి ఎక్కడ ఆగాలో కూడా వచ్చి తీరుతుందనే హామీ ఏమీ లేదు.

మన దేశంలో చూస్తే, షావుకార్ల నోళ్ళలో నానే ట్యాలీ కూడా వ్యాపారి ఇంట పుట్టిందే. బట్టల మిల్లులకి ముడిసరుకు, విడిభాగాలు సరఫరా చేసే శ్యామ్‌సుందర్ గోయెంకాకి తన లెక్కలకి సరిపోయే ప్రోగ్రాము దొరకలేదు. గణితంలో పట్టభద్రుడైన కొడుకు భరత్‌ని రాయమన్నాడు. 1986లో బెంగుళూరులో కంపెనీ మొదలైంది. భరత్ గోయెంకాకి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇట్లాంటి సరుకులు చాలా వరకు వూరూరా వుండే చిన్న ఏజెంట్ల ద్వారా అమ్ముడవుతాయి. కొత్తవాడు అడుగుపెట్టడానికి అది దగ్గరి గుమ్మం. రెండో గుమ్మం మద్రాసు, బెంగుళూరు, హైదరాబాదుల్లో చందా పద్ధతిన అమ్మే కంపెనీలు. 2010లో మద్రాసులో మొదలై 2021లో అమెరికా నాస్‌డాక్ మార్కెట్టుకి ఎక్కిన ఫ్రెష్‌వర్క్స్, 2015లో హైదరాబాదులో మొదలైన డార్విన్‌బాక్స్ లాంటివి. అక్కడ మోటారు సైకిలు వుండదు, ఫోనూ వీడియో తెరా వుంటాయి. కొనేవాడు అమెరికాలో వుంటే రాత్రి మేలుకోవాలి. ఇంగ్లీషు గొప్పగా కాకపోయినా స్పష్టంగా వుండాలి. మన తెలుగు మీడియం వాళ్ళకి ఇదే పెద్ద గండం. అన్నయ్య ఏడాదిపాటు రోజూ పది ఇంగ్లీషు వుత్తరాలు రాసి, చింపి, మళ్ళీ రాశాడు.

పని కూడా ఒకరే చెయ్యరు. కొనగలిగినవాళ్ళని ఫోనుల మీద వెతికేవాడు ఒకడు. వాళ్ళతో మాట్లాడి బేరం ముగించేవాడు ఇంకొకడు, అకౌంట్ ఎగ్జిక్యూటివ్ అంటారు. సరుకు ఎట్లా పనిచేస్తుందో విప్పి చూపించే ప్రీ-సేల్స్ మనిషి ఒకడు. ఇక్కడ సైన్సు చదువు అక్కరకొస్తుందని నా అభిప్రాయం, ల్యాబులో ప్రయోగం చూపించడం లాంటిదే. కొన్న తరవాత వాడేట్టు చూసే కస్టమర్ సక్సెస్ మనిషి మరొకడు. బయటి రంగం నుంచి వచ్చినవాడికి సాధారణంగా మొదటి మెట్టే ఇస్తారు, వయసు 30 దాటినా సరే. 22 ఏళ్ళ కుర్రాడి పక్కన కూర్చుని రోజుకి అరవై ఫోన్లు చెయ్యడానికి సిగ్గుపడేవాడు ఈ దారి పట్టకపోవడం మంచిది. ప్రతి మాటా కంప్యూటర్లో నమోదు చెయ్యాలి. పాతరోజుల్లో అన్నయ్యకి అన్నీ తలలోనే వుండేవి. "తలలో వుంటే నీ ఆస్తి, రాస్తే కంపెనీ ఆస్తి, అందుకే రాయమంటారు" అని నవ్వుతాడు.

జీతం సంగతి కూడా చెప్పాలి. అమెరికాలో బేరం ముగించే వుద్యోగాల్లో సుమారు సగం జీతం, సగం అమ్మకం మీద వచ్చేదిగా మాట్లాడుకోవడం రివాజు. మన దగ్గర మామూలుగా జీతం పాలు ఎక్కువ. చేరేటప్పుడు పెద్ద అంకె ఒకటి చెబుతారు. అందులో చేతికి తప్పకుండా వచ్చేది ఎంత, అమ్మితే వచ్చేది ఎంత, నిరుడు ఆ టార్గెటు అందుకున్నవాళ్ళు పదిమందిలో ఎందరు అని అడగాలి. జవాబు చెప్పడానికి నసిగితే లేచి వచ్చెయ్యాలి. వుద్యోగం ఇస్తామని మన దగ్గరే డబ్బు అడిగేవాళ్ళ సంగతి మా గది మిత్రుణ్ణి అడగండి.

పురుగు మందులవాళ్ళకే ఈ దారి అనుకోకండి. మన సీనియర్లు ఎందరో మెడికల్ రిప్రజెంటేటివులుగా వున్నారు. డాక్టరు ఏ వేళ తీరిగ్గా వుంటాడో, నర్సింగ్ హోములో బిల్లులు చూసేది ఎవరో వాళ్ళకి తెలిసినట్టు ఎవరికి తెలుసు? ఆస్పత్రుల సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ళు వెతికేది అట్లాంటివాళ్ళనే. ప్రైవేటు బడిలో పదేళ్ళు చెప్పిన మేష్టారికి ఫీజుల పుస్తకం దగ్గర జరిగే బాధలన్నీ తెలుసు.

ఇక నా సంగతి. దసరా సెలవుల్లో అన్నయ్య వెంట పది రోజులు తిరిగాను. ఎనిమిదో రోజున ఒక కొట్లో వుండగా అతనికి ఏదో ఫోను వస్తే బయటికి వెళుతూ, "నువ్వు చూపించు" అన్నాడు. చూపించాను. తండ్రి పేరుతో వెతకడం, వడ్డీ, బ్యాచి నెంబర్లు అన్నీ. పక్కన గుమాస్తా చేతులు కట్టుకుని చూస్తున్నాడు. షావుకారు పెద్దాయన అంతా విని, "సరే అబ్బాయ్, మా బాకీలు సగం రైతు చేతిమీద రావు. కాయ యార్డులో అమ్ముడయ్యాక కమీషన్ కొట్టువాళ్ళే పట్టుకుని మాకు పంపుతారు. ఆ జమ ఇందులో ఎవరి పేర పడుతుంది, రైతు పేరా, కమీషన్ కొట్టు పేరా?" అని అడిగాడు. నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. "రెండు రకాలుగానూ పడుతుంది బాబాయిగారూ" అన్నాను. ఆయన తలూపి, పెట్టిద్దాంలే, రేపు డబ్బు పంపుతాను అన్నాడు. నా మొదటి అమ్మకం! బస్టాండుకి వచ్చేదాకా నేల మీద నడవలేదు.

రాత్రి అన్నయ్యకి చెప్పాను. అతను కంప్యూటరు తెరిచి, అట్లా పడదని చూపించాడు. ఒకరి పేరనే పడుతుంది, రెండోది చేత్తో మళ్ళీ రాసుకోవాలి. "ఇప్పుడే ఫోను చేసి చెప్పు" అన్నాడు. "పెట్టుకున్నాక చూసుకోవచ్చుగా అన్నయ్యా" అన్నాను. అన్నయ్య నా మొహంలోకి అదోలా చూశాడు. ఏమీ అనలేదు. ఫోను నా చేతిలో పెట్టాడు.

చేశాను. తప్పు చెప్పానండీ, అట్లా పడదండీ అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తరవాత పెద్దాయన, "తెలుసులే అబ్బాయ్. నువ్వు గడప దాటకముందే మా గుమాస్తా చెప్పాడు, పడదని. ఫోను చేస్తావా చెయ్యవా అని చూస్తున్నాం" అన్నాడు. ఇంకా ఇట్లా అన్నాడు: "సంక్రాంతి వెళ్ళాక కాయ యార్డుకి పోతుంది. అప్పుడు రా. ఒక్క రైతు లెక్క మొదలంటా వేసి చూపించు. మా గుమాస్తా సరేనంటే చూద్దాం."

మా నాన్నకి ఎక్కడా డబ్బు కట్టవద్దని చెప్పాను. దానికి బదులు యార్డులో ఇచ్చిన పాత తక్‌పట్టీలు వుంటే పంపమన్నాను. ఎందుకురా అన్నాడుగాని, మూడు పంపాడు. కమీషను, హమాలీ, బాకీ కింద పట్టుకున్నది, చేతికిచ్చింది, అన్నీ వాటిమీద వరసగా వున్నాయి. అవి ఫోటో తీసి అన్నయ్య ఆఫీసుకి పంపాడు. చేస్తున్నామంటున్నారు. సంపాదకులు వ్యాసం సంక్రాంతి లోపలే ఇవ్వాలన్నారు కనక, ఆ గుమాస్తా ఏమన్నాడో ఇందులో రాయలేకపోతున్నాను.